మైకేల్ ఫారడే

మైకేల్ ఫారడే 1791వ సంవత్సరమున లండను శివారున ఒక పేద కమ్మరి యింట జన్మించెను. బడిచదువు స్వల్పము. పదునాలుగవ యేట పుస్తకముల బైండింగు దుకాణమున పనికి కుదిరి, చేతికి వచ్చిన పుస్తకములనే చదువుకొనెను.

1812లో ఆ దుకాణమునకు వచ్చు ఒక పెద్దమనిషి, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసములకు ప్రవేశపు చీటీల నిచ్చెను. ఫారడే విన్నదంతయు వ్రాసి, బొమ్మలు గీసి, తానే బైండు చేసి డేవీకి పంపెను. మరుసటి యేడు అచ్చటనే సహాయకుడుగా చేరెను. 1831లో అయస్కాంతమును కదల్చినచో తీగచుట్టలో విద్యుత్తు పుట్టునని కనుగొనెను.

తనకు తెరచిన తలుపును అతడు పరులకును తెరచియే యుంచెను. ఆ సంస్థలో 1825లో క్రిస్మసు సెలవులలో బాలబాలికలకు ఉపన్యాసములు మొదలయ్యెను. 1827 నుండి 1860 వరకు వానిలో 19 వరుసలను ఫారడేయే యిచ్చెను. ఇంటింట వెలుగు కొవ్వొత్తినే ముందుంచుకొని, దాని మంటలోని రసాయనశాస్త్రమును తేటమాటలలో బోధించెను. 1867లో అతడు కన్నుమూసెను. ఆ ఉపన్యాసములు నేటికిని సాగుచున్నవి.

తెలుగు చదువుతో శాస్త్రము అందునా యని అడుగు తలిదండ్రులకు మేము ఈ కథనే చెప్పుచుందుము. చీటీ యిచ్చు చేయి యొకటి, శ్రద్ధగా విను చెవి యొకటి యున్నచో, శాస్త్రము ఏ యింటికైనను వచ్చును. బాలలారా, ఈ రాత్రి దీపమును ఒక్క క్షణము పరికించి చూడుడు.