గోదావరిని గెలిపించిన కాటన్ దొర కుందూ లోయలో ఎందుకు ఓడిపోయారు?

నల్లమల కొండలకూ ఎర్రమల కొండలకూ నడుమ కుందూ నది పారే లోయే నంద్యాల సీమ. చేతిలోకి తీసుకుంటే వేళ్లకు అంటుకుపోయే నల్లరేగడి భూమి ఇది. ఒక పక్క అడవి, మహానందిలో ఎండాకాలం కూడా ఆగని ఊట, బేతంచెర్లలో పలకరాయి, బనగానపల్లె దగ్గర ఒకప్పటి వజ్రాల గనులు. కాస్త పైన తుంగభద్ర. కాగితం మీద రాసుకుంటే ఇంతకంటే కలిగిన సీమ ఇంకోటి ఉండదనిపిస్తుంది. అయినా 19వ శతాబ్దంలో వానలు రెండేళ్లు వరసగా తప్పితే చాలు, ఇక్కడ మనుషులు చనిపోయేవాళ్లు. ఈ లోయకు నీళ్లు తేవాలని ఒక మనిషి కలగన్నారు. గోదావరి జిల్లాల్లో ఊరూరా ఆయన విగ్రహం కనిపిస్తుంది. నంద్యాల, ఆళ్లగడ్డ వైపు కేసీ కాలువ పేరు అందరికీ తెలుసు గానీ, దాని వెనక ఉన్న ఆలోచన కూడా సర్ ఆర్థర్ కాటన్‌దేనని గుర్తుపెట్టుకున్నవాళ్లు తక్కువ.

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టారు. పదకొండు మంది అన్నదమ్ముల్లో పదోవాడు. అంతమంది కొడుకులున్న ఇంట్లో ఆస్తి పంచుకుంటే ఎవరికీ మిగలదు కాబట్టి, ఆ కాలపు ఎంతోమంది కుర్రాళ్లలాగే ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరారు. మద్రాసు ఇంజినీర్ల దళంలో ఉద్యోగం. 1821లో ఇండియాకు వచ్చేసరికి ఆయనకు పద్దెనిమిదేళ్లు.

ఆయన అసలు చదువు కావేరి దగ్గర సాగింది. చోళుల కాలపు కల్లణై అక్కడ ఇసుక మీదే వందల ఏళ్లుగా నిలబడి ఉంది. ఇసుకలో పునాది ఎట్లా నిలుస్తుందో ఇక్కడి పాత పనివాళ్ల దగ్గరే తాము నేర్చుకున్నామని ఆయన తర్వాత ఒప్పుకుని రాశారు. తెల్లదొరల్లో ఆ మాట ఒప్పుకున్నవాళ్లు ఎక్కువమంది లేరు. ఆ పాఠంతోనే 1836లో కొల్లిడం మీద రెండు ఆనకట్టలు కట్టించారు.

తర్వాత గోదావరి. అప్పటి రాజమండ్రి జిల్లా ఇప్పటి పచ్చని కోనసీమలా ఉండేది కాదు. దేశంలోనే పెద్ద నదుల్లో ఒకటి ఊళ్ల పక్కనుంచే పారుతోంది, ఊళ్లలో మాత్రం ఆకలి. 1832-33 కరువు, 1839లో సముద్రం పొంగి ముంచిన తుఫాను ఆ జిల్లాను ఊడ్చేశాయి. 1821లో 7 లక్షలు దాటి ఉన్న జనాభా 1841 నాటికి 5 లక్షల 60 వేల దగ్గరికి పడిపోయింది. నీళ్లు సముద్రం పాలు, జనం కరువు పాలు. కాటన్ లెక్కలు వేసి, పైవాళ్లతో కొట్లాడి మంజూరు తెచ్చుకున్నారు. 1847లో ధవళేశ్వరంలో పని మొదలైంది. వేల మంది కూలీలు, జ్వరాలు, వరదలు, మధ్యలో ఆయన ఆరోగ్యమూ దెబ్బతింది. 1852కి ఆనకట్ట పూర్తయింది. ఒక తరం తిరిగేలోపు ఆ జిల్లా మద్రాసు రాజధానికి ధాన్యపు కొట్టు అయింది.

ఆ పని ఎట్లా జరిగిందో ఇక్కడ కాస్త ఆగి చూడాలి. కట్టింది సర్కారు. ఖర్చు పెట్టింది సర్కారు. శిస్తు వసూలు చేసుకునేదీ అదే సర్కారు కాబట్టి, రైతు పండిస్తేనే దానికి లాభం. సర్కారుది దయ అనుకోనక్కర్లేదు, లెక్క అట్లా కుదిరింది. ఇంజినీరు నది ఒడ్డునే కాపురం ఉన్నారు. ఎక్కడ గండి పడితే అక్కడికి పరుగెత్తారు. పైగా అక్కడిది డెల్టా నేల, వరి ఎట్లా పండించాలో రైతుకు ముందే తెలుసు. కావాల్సింది నీళ్లే, నీళ్లు వచ్చాయి.

అదే కాలంలో కుందూ లోయలో ఏం జరుగుతోంది? నంద్యాల ప్రాంతం కర్నూలు నవాబుల ఏలుబడిలో ఉండేది. 1839లో కంపెనీ సైన్యం కర్నూలు మీదికి వచ్చింది. ఆయుధాలు పోగేస్తున్నారన్న ఆరోపణతో నవాబు గులాం రసూల్ ఖాన్‌ను పట్టుకుని తిరుచినాపల్లికి పంపారు. 1840లో ఆయన అక్కడే హత్యకు గురయ్యారు. ఆళ్లగడ్డకు దగ్గరి ఉయ్యాలవాడ నుంచి నరసింహారెడ్డి తిరగబడింది 1846లో. 1847 ఫిబ్రవరిలో కోయిలకుంట్లలో ఉరి తీశారు. అంటే గోదావరిలో ఆనకట్టకు రాళ్లు మోస్తున్న ఏడాదే ఇక్కడ ఉరికొయ్య నిలబెట్టారు. ఈ సీమ పాలకులకు పన్ను వసూలయ్యే చోటు, అంతే. రైతు, జమాబందీ, తహసీలు, కిస్తు, వసూలు లాంటి మాటలు ఫార్సీ, అరబీ నుంచి మన తెలుగులోకి ఎప్పుడో వచ్చాయి. కంపెనీవాళ్లు ఆ మాటలన్నీ అట్లాగే ఉంచుకున్నారు. వసూలు మాత్రం ఇంకా గట్టిగా చేశారు.

గోదావరి గెలుపు తర్వాత కాటన్ చూపు తుంగభద్ర మీద పడింది. నది నీళ్లను పడమటి మెట్టభూముల మీదుగా నడిపించి తూర్పు తీరం దాకా తీసుకెళ్లాలి, ఆ కాలువల్లో పొలాలూ పండాలి, పడవలూ నడవాలి. ఇదీ ఆయన ఊహ. రైలు కంటే పడవ ఎన్నో రెట్లు చౌక అని ఆయన జీవితమంతా వాదించారు. ఈ పడవల మాట లంకషైరు మిల్లులవాళ్లకు బాగా నచ్చింది. రేగడిలో పండే పత్తి వాళ్లకు కావాలి. అమెరికాలో 1861లో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోయాక ఇంకా కావాలి. (కాటన్ అంటే పత్తి. ఆయన ఇంటిపేరు అదే కావడం ఒక తమాషా.)

ఈసారి మాత్రం సర్కారు కట్టలేదు. మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అని లండన్‌లో ఒక ప్రైవేటు కంపెనీ పుట్టింది. దానికి పది లక్షల పౌన్ల పెట్టుబడి మీద ఏటా నూటికి 5 వడ్డీ గ్యారంటీ ఇచ్చారు. అంటే ఏడాదికి 50 వేల పౌన్లు. కాలువలో నీళ్లు పారినా, పారకపోయినా, ఒక్క ఎకరం తడవకపోయినా ఆ వడ్డీ ముట్టాల్సిందే. ముట్టేది ఎవరి ఖజానా నుంచి? ఇండియా ఖజానా నుంచే. ఆ ఖజానాలో డబ్బు ఎక్కువగా భూమి శిస్తే. కాబట్టి ఆళ్లగడ్డ రైతు తన చేనికి ఇంకా రాని నీళ్ల మీద లండన్‌లోని వాటాదారుకు వడ్డీ కడుతున్నట్టు లెక్క.

కర్నూలుకు ఎగువన సుంకేసుల దగ్గర తుంగభద్ర మీద ఆనకట్ట వేశారు. కర్నూలులో హంద్రీని వంతెన మీదుగా దాటించి, మిట్టకందాల దగ్గర మెరకను తవ్వి, కృష్ణా పరీవాహకం నుంచి పెన్నా పరీవాహకంలోకి నీళ్లు తిప్పారు. నంద్యాల సీమ దాటి కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు. ఇంజినీరింగు పరంగా తక్కువ పనేం కాదు. కానీ అనుకున్న పది లక్షల పౌన్లూ కరిగిపోయాయి, కాలువ సగంలో ఉంది. సర్కారు మళ్లీ అప్పివ్వాల్సి వచ్చింది. 1870 ప్రాంతానికి ఎట్లాగో కడప చేరింది. కాటన్ ఊహించిన పెద్ద పథకంలో ఇది ఒక ముక్క మాత్రమే. ఎగువన నీళ్లు నిలవచేసే జలాశయం లేదు, తీరం దాకా పడవల దారి లేదు.

నీళ్లు వచ్చాక ఇంకో చిక్కు. రైతులు తీసుకోలేదు. దొరలు దీన్ని రైతుల మొండితనం కింద రాసుకున్నారు గానీ, రైతు లెక్క రైతుకు ఉంది. రేగడి నేల వాన తేమను నెలల తరబడి పట్టి ఉంచుతుంది. జొన్న, కొర్ర, పత్తి మంచి ఏడాదిలో కాలువ లేకుండానే పండుతాయి. అదే నేలకు ఎక్కువ నీళ్లు పెడితే ఊబి అవుతుంది. వరి వెయ్యాలంటే మడి చదును చెయ్యాలి, గట్లు వెయ్యాలి, ఎడ్లు కావాలి, పైగా నీటి పన్ను రొక్కంగా కట్టాలి. అంత మదుపు చిన్న రైతు దగ్గర ఎక్కడిది? సావుకారు దగ్గర అప్పు చెయ్యాలి. రేగడికి ఏ పంట, ఎన్ని తడులు, పన్ను ఎంత అయితే రైతు భరించగలడు అని ఊళ్లలో కూర్చుని అడగాల్సిన పని కంపెనీది. అడగకపోయినా 5 శాతం వస్తుంటే అడిగేదెవరు?

ఇందులో కాటన్ తప్పు లేదనలేం. సర్కారు డబ్బు తియ్యడం లేదన్న విసుగులో ప్రైవేటు పెట్టుబడిని ఆయనే సమర్థించారు. గోదావరి డెల్టాలో కుదిరిన లెక్క రేగడి మెట్టలోనూ కుదురుతుందని నమ్మారు. అప్పటికే కొలువు ముగించుకుని ఇంగ్లండు చేరారు. 1861లో సర్ బిరుదు వచ్చింది. ధవళేశ్వరంలో గట్టు మీద నిలబడిన మనిషి సుంకేసుల గట్టు మీద లేరు.

1876లో వానలు పోయాయి. ధాత కరువు అని పెద్దలు చెప్పుకునేది ఇదే. రెండేళ్లలో మద్రాసు రాజధానిలో లక్షల మంది చనిపోయారు. అన్నిటికంటే దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు, బళ్లారి, కడప ముందున్నాయి. కర్నూలు జిల్లా జనాభా ఆ పదేళ్ల లెక్కల్లో దాదాపు నాలుగో వంతు తగ్గింది. సహాయ శిబిరాల్లో రోజంతా రాళ్లు కొట్టిన మనిషికి కూలి కింద ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని పైనుంచి వచ్చిన అధికారి తేల్చారు. ఆ ఏళ్లలోనూ రేవుల నుంచి గోధుమ, బియ్యం ఓడలెక్కి పోతూనే ఉన్నాయి. కేసీ కాలువ కింద మాత్రం అంతకుముందు నీళ్లొద్దన్న రైతులే ఎగబడి తీసుకున్నారు. కాలువ పక్కన పంట నిలబడింది. కాస్త దూరంగా, నీళ్లు చేరని ఊళ్లలో ఇళ్లు ఖాళీ అయ్యాయి.

కాటన్‌కు అప్పటికి డెబ్బై దాటాయి. కాలువల మీద పెట్టాల్సిన డబ్బు రైళ్ల మీద పెట్టడం వల్లే ఇంతమంది పోయారని ఆయన ఇంగ్లండు అంతా తిరిగి చెప్పారు. జాన్ బ్రైట్ లాంటి పార్లమెంటు సభ్యులు వెనక నిలిచారు. 1878లో పార్లమెంటు సెలెక్ట్ కమిటీ ఆయన్ను పిలిచి రోజుల తరబడి ప్రశ్నించింది. ఆ కమిటీ ముందు ఆయనకు అడ్డంగా నిలిచింది ఆయన కాలువే. కర్నూలు కాలువ నష్టాల్లో ఉంది కదా, ఇంకా కాలువలు ఎందుకన్నారు. రైలు కంపెనీలకూ అదే 5 శాతం గ్యారంటీ ఉంది, వాటికీ ఖజానా నుంచే ఏళ్ల తరబడి పూడ్చారు. ఆ లెక్క మాత్రం ఎవరూ గట్టిగా అడగలేదు.

1882లో సర్కారు వాటాదార్లకు డబ్బు ముట్టజెప్పి కాలువను తీసుకుంది. లండన్‌లో నష్టపోయినవాళ్లు పెద్దగా లేరు. నష్టం ఇక్కడే మిగిలింది. నష్టాల పద్దులో చేరిన ఆ కాలువ పేరు చెప్పి దక్కన్ మెట్టభూములకు కొత్త నీటి పథకాలను దశాబ్దాల పాటు పక్కన పెట్టారు. తుంగభద్ర మీద పెద్ద జలాశయానికి పునాది పడింది 1945లో, నీళ్లు వదిలింది 1953లో. కాటన్ ఆ నదిని కొలిచిన కాలం నుంచి లెక్కేస్తే దాదాపు నూరేళ్లు.

రైలు నంద్యాలకు త్వరగానే వచ్చింది. పత్తి బేళ్లు ఎక్కి పోయాయి, మిల్లు బట్ట దిగింది. ఈ జిల్లాలో విల్లుతో దూది ఏకి బతికిన నూర్‌బాషా కుటుంబాలకూ, మగ్గాల మీద బతికినవాళ్లకూ పని తగ్గిపోయింది. పత్తి పండే నేల మీదే పత్తి పనివాళ్లు పస్తులున్నారు. దీన్ని కరువు లెక్కల్లో ఎవరూ రాయలేదు.

ముసలితనంలోనూ కాటన్ ఊరికే కూర్చోలేదు. 1876లో, అంటే కరువు మొదలైన ఏడాదే, అరబీ నేర్చుకునేవాళ్ల కోసం చిన్న వాక్యాలతో ఒక వాచకం అచ్చువేశారు. డార్కింగ్ ఊళ్లో ఇంటి పెరట్లో నేల లోతుగా తవ్వి గోధుమ పండించి దిగుబడి కొలిచేవారు. 1899 జులై 24న, తొంభై ఆరేళ్ల వయసులో, అక్కడే కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆయన కూతురు లేడీ హోప్ ఆయన జీవితకథ అచ్చువేయించారు.

ఆయన పోయిన ఏడేళ్లకు, 1906లో, నంద్యాలలో వ్యవసాయ పరిశోధన కేంద్రం పెట్టారు. రేగడికి ఏ పత్తి, ఏ జొన్న సరిపోతుందో అప్పుడు చూడటం మొదలైంది. కాలువ తవ్వి అప్పటికి ముప్ఫై ఏళ్లు దాటింది. ఇప్పుడు కేసీ కాలువ కింద ఆయకట్టు 2 లక్షల 65 వేల ఎకరాలు, కేటాయింపు 39.9 టీఎంసీలు. కర్నూలు సోనా బియ్యం పేరుతో బజారులో దొరికేది చాలావరకు ఈ నీళ్ల పంటే. సుంకేసులలో పాత ఆనకట్ట స్థానంలో బ్యారేజీ వచ్చింది. కానీ పైన డ్యాములో నీళ్లు తగ్గిన ఏడాది నంద్యాల తడిసినంతగా ఆళ్లగడ్డ, చాగలమర్రి చివరి పొలాలు తడవవు. అప్పుడు రైతులు రాజోలి ఆనకట్ట దగ్గర కుందూలో ఎంత నీరు వస్తోందో చూసుకుని, రెండో పంట వెయ్యాలా వద్దా తేల్చుకుంటారు.