నిలోఫర్: ఆసుపత్రి కంటే ముందు ఒక మనిషి

గన్‌ఫౌండ్రీ కెథడ్రల్‌లో ఆదివారం పూజ ముగించుకుని ఆబిడ్స్ మీదుగా నడిస్తే మొజంజాహీ మార్కెట్ వస్తుంది. అక్కడి నుంచి నాంపల్లి స్టేషన్ వైపు తిరిగి, రైలు పట్టాలు దాటి రెడ్‌హిల్స్‌కు చేరితే నిలోఫర్ ఆసుపత్రి. మన విచారణల్లో ఎన్నో కుటుంబాలకు ఈ దారి కొట్టిన పిండి. చంటిబిడ్డను భుజాన వేసుకుని అర్ధరాత్రి ఆటోలో ఆ గేటు దగ్గర దిగని ఇల్లు తక్కువ. అయితే మార్కెట్‌కు పేరిచ్చిన మొజంజా, ఆసుపత్రికి పేరిచ్చిన నిలోఫర్ ఒకప్పటి భార్యాభర్తలని ఎంతమందికి తెలుసు? నిలోఫర్ అంటే మందో, ఊరో అనుకునేవారు కూడా ఉన్నారు. ఆమె ఒక స్త్రీ. ఈ వారం ఆమె కథ చెప్పుకుందాం. గర్భిణులున్న ఇళ్లవారు కాస్త నిదానంగా చదవాలని మనవి, ఎందుకంటే ఆ ఆసుపత్రి ఒక కాన్పు మరణం నుంచి పుట్టింది.

నిలోఫర్ 1916 జనవరి 4న ఇస్తాంబుల్‌లో జన్మించారు. టర్కీ సుల్తాను ఐదవ మురాద్‌కు ఆమె తల్లి ఆదిలే మనుమరాలు. నిలోఫర్ అంటే వాళ్ల భాషలో కలువ పువ్వు. రెండేళ్ల వయసులోనే తండ్రి పోయారు. 1924లో టర్కీ ప్రభుత్వం ఖలీఫా పదవిని రద్దు చేసి రాజవంశం మొత్తాన్ని దేశం నుంచి వెళ్లగొట్టింది. ఎనిమిదేళ్ల పిల్ల తల్లి చేయి పట్టుకుని ఫ్రాన్సు దక్షిణ తీరంలోని నీస్ నగరం చేరింది. పేరుకు రాజకుమార్తె, బతుకు మాత్రం పరాయి ఊళ్లో అద్దె ఇంటి బతుకు.

ఆ రోజుల్లో ప్రపంచంలోని అతి పెద్ద ధనవంతుల్లో ఒకరిగా మన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌ను చెప్పుకునేవారు. ఆయన తన ఇద్దరు కొడుకులకు ఆ వంశం నుంచే కోడళ్లను తెచ్చుకున్నారు. 1931 నవంబరు 12న నీస్‌లో రెండు పెళ్లిళ్లూ ఒకేసారి జరిగాయి. పెద్ద కొడుకు ఆజంజాకు చివరి ఖలీఫా కుమార్తె దుర్రెషెహ్వార్, రెండవ కొడుకు మొజంజాకు నిలోఫర్. అప్పటికి నిలోఫర్‌కు పదహారు నిండలేదు.

హైదరాబాద్ వచ్చాక ఆమె కాపురం నౌబత్ పహాడ్ పక్కన హిల్‌ఫోర్ట్‌లో. పబ్లిక్ గార్డెన్స్‌కు ఎదురుగా, కొండ మీద సర్ నిజామత్ జంగ్ కట్టించుకున్న భవనం అది. తర్వాత చాలా ఏళ్లు రిట్జ్ హోటల్‌గా నడిచింది కాబట్టి పెద్దవాళ్లు ఆ పేరుతోనే గుర్తుపడతారు. మామగారు ఉండే కింగ్ కోఠీ కూడా దగ్గరే. పరదా గట్టిగా పాటించే ఇంటికి వచ్చిన ఈ కోడలు ముసుగు లేకుండా సభలకు వెళ్లేది, స్త్రీల సంఘాల్లో పాల్గొనేది. ఆమె అందం గురించి, బంగారు జరీ అల్లిన చీరల గురించి ఊరంతా కథలుగా చెప్పుకునేవారు. ఆ చీరల గురించి రాసినంతగా ఆమె చేసిన పనుల గురించి ఎవరూ రాయలేదని నా బాధ. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఆమె నర్సు శిక్షణ పొంది సహాయ కార్యక్రమాల్లో పనిచేశారు. రాజభవనం కోడలికి ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

ఆమెకు ఒక్కటే లోటు, పిల్లలు లేరు. తోడికోడలి ఒడిలో ఇద్దరు మగబిడ్డలు. యూరప్‌లో పెద్ద పెద్ద డాక్టర్లకు చూపించుకున్నా ఫలితం లేకపోయింది. 1948లో మొజంజా మరో పెళ్లి చేసుకున్నారు. పిల్లలు కలగని కోడలిని మన ఇళ్లలో ఎలా చూస్తారో తెలిసిన వారికి ఆ భవనంలో ఆమె దినాలు ఎలా గడిచాయో వేరే చెప్పనక్కరలేదు.

ఆ తర్వాతి ఏడాది, 1949లో, ఆమెకు ఎంతో ఇష్టమైన పరిచారిక రఫత్ ప్రసవ సమయంలో చనిపోయింది. తగిన వైద్యం అందలేదు. బిడ్డ కోసం ఎదురుచూసి కనలేకపోయిన స్త్రీ ఒకరు, కనబోయి ప్రాణమే పోగొట్టుకున్న స్త్రీ ఇంకొకరు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నవారు. ఇకమీదట మరో రఫత్ ఇలా పోకూడదని నిలోఫర్ పట్టుబట్టి, స్త్రీలకూ పిల్లలకూ ప్రత్యేకంగా ఒక ఆసుపత్రి కావాలని మామగారిని అడిగారు.

అప్పట్లో ఊళ్లో కాన్పుల ఆసుపత్రులు లేవని కాదు. మూసీ ఒడ్డున విక్టోరియా జనానా ఆసుపత్రి ఆ శతాబ్దం తొలినాళ్ల నుంచీ ఉంది. కానీ ఎక్కువ కాన్పులు ఇంట్లోనే, మంత్రసాని చేతిలోనే జరిగేవి. 1946లో భోర్ కమిటీ వేసిన లెక్క ప్రకారం దేశంలో ప్రతి వెయ్యి కాన్పులకు దాదాపు ఇరవై మంది తల్లులు చనిపోయేవారు. ఇవాళ లెక్కలు వెయ్యికి కాదు, లక్షకు కడుతున్నాం. 2018-20 లెక్కల్లో తెలంగాణలో లక్ష కాన్పులకు 43 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 45 మంది. ఎంత దూరం వచ్చామో చూడండి. అయినా ఆ నలభై ముగ్గురిలో ఒకరు మన ఇంటి పిల్లయితే మనకు లెక్కలతో పనేముంది?

కాన్పులో తల్లిని పొట్టన పెట్టుకునేవి ప్రధానంగా నాలుగు: ఆగని రక్తస్రావం, పురిటి జ్వరం, బిడ్డ అడ్డం తిరగడం, గుర్రపు వాతం. మొదటి మూడూ చాలాసార్లు నొప్పులు మొదలయ్యాకో, కాన్పు అయ్యాకో బయటపడతాయి. గుర్రపు వాతం అలా కాదు. అది చాలామందిలో వారాల ముందే గుర్తులు చూపిస్తూ వస్తుంది. ఫిట్స్ రాకముందు ఉండే ఆ దశనే డాక్టర్లు ప్రీఎక్లాంప్సియా అంటారు. ప్రపంచం మీద నూరుమంది గర్భిణుల్లో ఇద్దరి నుంచి ఎనిమిది మందికి ఇది వస్తుంది.

అసలు జరిగేదేమిటి? కడుపులో బిడ్డకు ఆహారం అందించేది మాయ. ఆ మాయకు రక్తం తెచ్చే తల్లి రక్తనాళాలు మొదటి నెలల్లో బాగా వెడల్పు కావాలి. కొందరిలో అవి కావలసినంత వెడల్పు కావు. రక్తం చాలని మాయ నుంచి వెలువడే పదార్థాలు తల్లి ఒంట్లోని రక్తనాళాలన్నిటినీ దెబ్బతీస్తాయి. బీపీ పెరుగుతుంది, మూత్రపిండాల వడపోత చెడి ఆల్బుమిన్ మూత్రంలోకి జారుతుంది. ముదిరితే కాలేయం, మెదడు కూడా దెబ్బతింటాయి. దృష్టి దోషమో, గాలి సోకడమో దీనికి కారణం కాదు. గర్భిణి తిన్నదో తిననిదో కూడా కాదు. ఆమె తప్పు ఇందులో ఏమీ లేదు.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. మూత్రంలో ఆల్బుమిన్‌కూ ఈ ఫిట్స్‌కూ సంబంధం ఉందని 1843లోనే లండన్ గైస్ ఆసుపత్రి వైద్యుడు జాన్ లీవర్ గమనించారు. చేతికి పట్టీ కట్టి బీపీ చూసే పరికరం 1896లో ఇటలీలో రీవారోచీ తయారుచేశారు. రఫత్ పోయిన నాటికి ఈ రెండూ ప్రపంచానికి పాతబడిన సంగతులే. లేనిదల్లా ఆ పట్టీని నెలనెలా గర్భిణి చేతికి కట్టే ఏర్పాటు.

ఇరవయ్యో వారం దాటాక బీపీ 140/90కి చేరితే, నాలుగు గంటల తర్వాత మళ్లీ చూసినా అలాగే ఉంటే, మూత్ర పరీక్ష, రక్త పరీక్షలు వెంటనే చేయించాలి. 160/110 ఉంటే ఇంట్లో కూర్చుని ఆలోచించే సమయం లేదు, ఆ గంటలోనే ఆసుపత్రికి బయలుదేరాలి. చిక్కేమిటంటే, చాలామందికి మొదట్లో ఏ బాధా ఉండదు. పిల్ల నవ్వుతూ తిరుగుతూ ఉంటుంది, బీపీ మాత్రం పెరుగుతూ పోతుంది. బాగానే ఉంది కదా, ఈ నెల వెళ్లకపోతే ఏమవుతుంది అనుకోవడం అందుకే ప్రమాదం. తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు లేదా చూపు మసకబారడం, కుడి పక్కటెముకల కింద నొప్పి, ముఖమూ చేతులూ ఉన్నట్టుండి ఉబ్బడం, మూత్రం తగ్గడం, ఆఖరి నెలల్లో వాంతులు - వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారే దాకా ఆగకూడదు.

మన ఇళ్ల సంగతి కూడా చెప్పాలి. కాళ్లకు నీరు దిగితే బార్లీ నీళ్లు తాగించి, కూరలో ఉప్పు మాన్పిస్తాం. సాయంత్రానికి పాదాలు కొంచెం వాయడం మామూలే, అది నిజం. కానీ ఉప్పు మానినందువల్ల ఈ జబ్బు రాకుండా ఆగదు, బార్లీ నీళ్లకు తగ్గదు. ఫిట్స్ వస్తే చేతిలో తాళాల గుత్తి పెడతాం. దానివల్ల ఏమీ కాదు. నోట్లో ఏమీ పెట్టకుండా ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఇంకొకటి, దీన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. తొలిచూలు పిల్లను ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి తీసుకొస్తాం. ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది తొలి కాన్పుకే, బయటపడేదీ ఎక్కువగా ఆ నెలల్లోనే. అత్తగారి ఊళ్లో బీపీ ఎంతుండేదో పుట్టింటి ఊరి డాక్టరుకు తెలియదు. పసుపు కుంకుమలతో, గాజులతో పాటు ఆమె పరీక్షల కార్డు కూడా సంచిలో పెట్టి పంపండి.

మొదటి కాన్పు, కవలలు, ముందు నుంచే బీపీ లేదా షుగరు, మూత్రపిండాల జబ్బు, స్థూలకాయం, వయసు మళ్లాక గర్భం, ఇంతకు ముందు కాన్పులోనో తల్లికో అక్కకో ఈ జబ్బు వచ్చి ఉండటం - ఇవి ఉన్నవారు మూడో నెలలోనే ఆ మాట డాక్టరుతో చెప్పాలి. ముప్పు ఎక్కువగా ఉన్నవారికి తక్కువ మోతాదులో ఆస్పిరిన్ రాస్తారు. పదహారో వారం లోపల మొదలైతే మేలు ఎక్కువ. డాక్టరు రాయకుండా సొంతంగా మింగేది కాదు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేసే కార్యక్రమం 2016 నుంచి నడుస్తోంది.

వచ్చాక చికిత్స ఉంది. బీపీ తగ్గించే మందులున్నాయి. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తారు. అది చవకైన మందు. 33 దేశాల్లో పదివేల మందికి పైగా గర్భిణుల మీద జరిపిన పరిశోధన 2002లో వెలువడింది. ఈ మందు ఫిట్స్ ముప్పును సగానికి పైగా తగ్గించిందని తేలింది. కానీ జబ్బు పూర్తిగా పోవాలంటే కాన్పు కావాలి, మాయ బయటికి రావాలి. తల్లి ప్రాణం మీదికి వస్తే నెలలు నిండకుండానే కాన్పు చేస్తారు. అప్పుడు పుట్టే బిడ్డ అరచేతిలో పట్టేంత ఉంటుంది. కాన్పుతో గండం గడిచిందని వదిలేయకూడదు. పురిటి తర్వాత ఆరు వారాల దాకా కూడా బీపీ పెరగవచ్చు, ఫిట్స్ రావచ్చు. ఇంటికి వచ్చిన బాలింత తలనొప్పి అంటే నిద్రలేమి అని కొట్టిపారేయకండి.

నిలోఫర్ కథకు వద్దాం. ఆసుపత్రి కోసం పట్టుబట్టిన ఆమెకు ఆ ఇంట్లో స్థానం మిగలలేదు. 1952లో విడాకులయ్యాయి. మరుసటి ఏడాది, 1953లో, రెడ్‌హిల్స్‌లో నూరు పడకలతో స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రి ప్రారంభమైంది. నిజాం వంశానికి కోడలు కాకుండా పోయిన స్త్రీ పేరే దానికి నిలిచింది. అప్పటికి నిజాం రాజ్యం కూడా లేదు. తోడికోడలు దుర్రెషెహ్వార్ పేరున కూడా పురానీ హవేలీలో పిల్లల ఆసుపత్రి ఉంది. టర్కీ నుంచి వచ్చిన ఇద్దరు కోడళ్ల పేర్లూ ఊళ్లో ఆసుపత్రుల మీదే మిగిలాయి.

నిలోఫర్ ఆ తర్వాత ఫ్రాన్సులోనే స్థిరపడ్డారు. 1963లో ఎడ్వర్డ్ పోప్ అనే అమెరికా దేశస్థుడిని వివాహం చేసుకున్నారు. ఆమెకు సంతానం కలగలేదు. 1989 జూన్ 12న పారిస్‌లో కన్నుమూశారు. పారిస్ శివారు బోబిన్యీలోని ముస్లిం శ్మశానంలో ఆమె సమాధి ఉంది.

ఉస్మానియా వైద్య కళాశాలకు అనుబంధంగా నడుస్తున్న నిలోఫర్ ఆసుపత్రికి ఇవాళ తెలంగాణ జిల్లాల నుంచే కాక పక్క రాష్ట్రాల నుంచీ పిల్లలను తెస్తారు. నవజాత శిశువుల వార్డులో వెచ్చటి దీపాల కింద నెలలు నిండని పసికందులు వరుసగా పడుకుని ఉంటారు. గుర్రపు వాతం ముదరకుండా ముందే కాన్పు చేసిన తల్లుల బిడ్డలు కూడా వారిలో ఉంటారు. అలాంటి బిడ్డల అమ్మలు కొంచెం తేరుకున్నాక, నడుముకు గుడ్డ బిగించి కట్టుకుని, పాలు పిండిన చిన్న గిన్నె పట్టుకుని, ఆ వార్డు తలుపు దగ్గర నిలబడి ఉంటారు.