ఇసుకలో అక్షరము: మరియా మాంటిస్సోరీ జీవితము

మన కర్నూలు, కడప జిల్లాలలో పసిబిడ్డకు చదువు ప్రారంభించుట ఒక శుభకార్యము. కొందరి ఇండ్లలో పళ్లెములో బియ్యము పరచి, బిడ్డ చూపుడు వ్రేలు పట్టుకొని పెద్దలు ఓనమాలు దిద్దిస్తారు. మరికొందరి ఇండ్లలో నాలుగేండ్ల నాలుగు నెలల నాలుగు దినములు నిండిన నాడు బిస్మిల్లా వేడుక చేసి మిఠాయి పంచుతారు. ఈ రెండు విధములైన ఇండ్ల నుండి వచ్చిన వారము మేము ఒకే బెంచీ మీద కూర్చుంటున్నాము. వేడుక ముగిసిన తరువాత మా అందరికీ జరిగినది మాత్రము ఒక్కటే: వీపున సంచి, చేత నోటుపుస్తకము, నోట అర్థము తెలియని పద్యము. ఆ మొదటి సంవత్సరమున బిడ్డ నిజముగా నేర్చుకొనేది ఏమిటి? ఈ ప్రశ్నకే తన జీవితమును ధారపోసిన మరియా మాంటిస్సోరీ చరిత్రను తోటి విద్యార్థుల ముందు ఉంచుతున్నాము.

ఆమె 1870 ఆగస్టు 31న ఇటలీ దేశమందలి కియరవల్లే పట్టణమున జన్మించారు. స్త్రీలు వైద్యవిద్యకు పోవుట అరుదైన ఆ కాలమున రోము నగరములో చదివి, 1896లో పట్టము పొందారు. బిడ్డల వద్దకు ఆమె పంతులమ్మగా గాక వైద్యురాలిగా వచ్చిరన్న మాట మరువరాదు. బుద్ధిమాంద్యము గల పిల్లలను ఆనాడు పిచ్చాసుపత్రులలో ఉంచేవారు. వారికి కావలసినది మందు కాదు, చేతికి పని అని ఆమె గ్రహించారు. ఇటార్, సెగాన్ అను ఫ్రెంచి వైద్యుల గ్రంథములు చదివి, తాకి చూచి నేర్చుకొను పరికరములు చేయించారు. ఆ పిల్లలలో కొందరు మామూలు పిల్లల పరీక్షలలో నెగ్గగా లోకము ఆమెను మెచ్చుకొన్నది. ఆమె మనసులో మెదిలిన సందేహము వేరు: ఆరోగ్యవంతులైన పిల్లలు వీరితో సమానముగానే నిలిచిపోవునట్లు మన బడులు వారిని ఏమి చేస్తున్నవి?

1907 జనవరి 6న రోములోని శాన్ లోరెంజో అను పేదల పేటలో ఆమె తొలి శిశు నిలయము తెరచారు. కూలికి పోయిన తల్లిదండ్రుల పిల్లలు పగలంతా తిరుగుతూ కొత్తగా బాగుచేసిన గోడలు పాడుచేయుదురేమోనని ఇంటి యజమానులు ఆమెను పిలిచారు. గోడల కొరకు పుట్టిన బడి అది! అచట మూడేండ్లు మొదలు ఆరేండ్ల లోపు పిల్లలు నేర్చినవి మన కంటికి చదువుగా తోచవు. గుండీలు పెట్టుకొనుట, చప్పుడు కాకుండ కుర్చీ జరుపుట, గది తుడుచుట, ఒక పాత్ర నుండి మరొక పాత్రలోనికి తొణకకుండ నీరు పోయుట, పది గులాబిరంగు ఘనములను పెద్దది మొదలు చిన్నది వరకు ఒకదానిపై ఒకటి పేర్చుట. బిందెడు నీటికి కుళాయి వద్ద గంటసేపు నిలిచిన మన సీమ తల్లులకు, నీరు ఒలకబోయని చేయి ఎంతటి విద్యయో వేరుగా చెప్పనక్కరలేదు.

పిల్లలకు అక్షరములు నేర్పవలెనని తల్లిదండ్రులే కోరగా, ఆమె గరుకు కాగితముతో అక్షరములు కత్తిరించి అట్టలకు అంటించారు. పిల్లలు వాటిని రెండు వ్రేళ్లతో తడుముతూ ఆ ధ్వనిని పలికేవారు. ఆ ఏడు డిసెంబరు మాసమున ఒకనాడు, మేడపై పొగగొట్టము బొమ్మ గీసిన ఐదేండ్ల బాలుడు, తాను వ్రాయగలనని హఠాత్తుగా తెలిసికొని సంతోషముతో కేకలు వేశాడు. ఎవరూ అతనికి చేయి పట్టి దిద్దించలేదు.

ఇది చదివినప్పుడు మాకు మన పాత వీథిబడి గుర్తుకు వచ్చినది. మన పొరుగున ఉన్న బళ్లారి జిల్లా కలెక్టరు కాంప్‌బెల్ 1823లో వ్రాసిన నివేదికలో 533 బడులు లెక్కకు వచ్చినవి. అందు 226 తెలుగువి, 21 పారసీకమువి. ఐరోపాలోవలె అక్షరముల పేర్లు వల్లించుటతో గాక, నేలపై ఇసుకలో వ్రేలితో వ్రాయుచు ఇచటి బిడ్డలు అక్షరములు నేర్చెదరని ఆయన గమనించాడు. వీథిబడి పంతుళ్ల బెత్తమును మేము పొగడుట లేదు. ఆ ఇసుకను మాత్రము ఎందుకు పారబోసికొన్నామని అడుగుతున్నాము. నేడు పెన్సిలు పట్టుటకు వ్రేళ్లు బలపడక మునుపే మూడున్నరేండ్ల పిల్లలకు నాలుగు గీతల పుస్తకము ఇస్తున్నాము.

ఆమె జీవితము లోపములు లేనిది కాదు. కొంతకాలము ముస్సోలినీ ప్రభుత్వ సహాయము స్వీకరించి, 1934 నాటికి ఆ ప్రభుత్వముతోనే చెడి స్వదేశము విడిచారు. వివాహము లేక 1898లో కలిగిన కుమారుడు మారియోను పల్లెలో పరుల ఇంట పెంచుటకు ఇచ్చారు. కౌమారము వచ్చిన వరకు అతడు తల్లిని చేరలేదు. లోకమందలి బిడ్డలందరి గూర్చి ఆలోచించిన తల్లి తన బిడ్డ బాల్యమును చూడలేకపోయినది. ఆమెపై తీర్పు చెప్పుటకు మాకు మనసు రాలేదు.

1939లో దివ్యజ్ఞాన సమాజము వారి ఆహ్వానముపై తల్లీకుమారులు చెన్నపట్టణమందలి అడయారు వచ్చారు. కర్నూలు, కడప అప్పుడు ఆ రాష్ట్రములోనివే. మూడు వందలకు పైబడిన ఉపాధ్యాయులు ఆమె వద్ద శిక్షణ పొందారు. 1940 జూనులో ఇటలీ యుద్ధమున దిగగా, మారియోను నిర్బంధించి, ఆమెను అడయారు ఆవరణ దాటరాదన్నారు. ఆమె డెబ్బదవ జన్మదినమునకు వైస్రాయి కుమారుని విడుదల చేశారు. తరువాత కొడైకెనాలులో కొన్నేండ్లు పనిచేసి, 1946లో యూరపు వెళ్లి, మరల ఇండియాకు వచ్చారు.

శిశువు తన చుట్టూ వినబడు భాషను ఎవరూ నేర్పకనే పీల్చుకొనునని ఆమె ఈ దేశమున ఇచ్చిన ఉపన్యాసములలో వివరించారు. అవి 1949లో అడయారు నుండి గ్రంథముగా వెలువడినవి. మాలో అనేకులము ఇంట దక్కనీ ఉర్దూ, వీథిలో తెలుగు మాట్లాడుతూ ఐదేండ్లకే రెండు భాషలకు యజమానులమైనవారము. కిండర్‌గార్టెనులో చేరిన నాడు ఆ రెండింటినీ గేటు వద్ద వదలి, మూడవ భాషలో మౌనముగా కూర్చున్నాము. మంచినీళ్లు కావలెనని అడుగుటకు మాట తెలియక దప్పికతో ఇంటికి వచ్చిన దినములు మాలో కొందరికి ఇంకను జ్ఞాపకమున్నవి. కళాశాల సంఘము వారు పసిపిల్లల తరగతులను గూర్చి ఎన్నడైన ఆలోచించినచో, మొదట ఆ బిడ్డకు తన భాషలో నీళ్లడుగు హక్కు ఇవ్వవలెనని మా మనవి.

మాంటిస్సోరీ 1952 మే 6న హాలండు దేశమందలి నూర్డ్‌విక్ అను సముద్రతీర గ్రామమున, తన ఎనుబది రెండవ ఏట మరణించారు. ఆఫ్రికా ఖండమున ఉపాధ్యాయుల శిక్షణకు పోవలెనని ఆ దినములలోనే ఆమె ఆలోచన చేయుచుండిరి. సమాధి కూడ ఆ ఊరనే ఉన్నది.