విత్తనమును కాపాడిన దైవజనుడు

ధ్యానభాగము: మార్కు సువార్త 4:26–29

ఆబిడ్స్ నుండి చాపెల్ రోడ్డు మీదుగా నాంపల్లికి నడచిపోవునప్పుడు మనకు మేడలు కనబడును గాని పెరడు గల ఇల్లు కనబడుట అరుదు. అయినను ఎన్నో డాబాలమీద కుండీలున్నవి. తొలకరి చినుకు పడగానే వాటిలో ఏమైన విత్తవలెనని మనకు తోచును. ఈ మాసమున, విత్తనమును ప్రేమించిన విలియం కేరీగారి జీవితమును జ్ఞాపకము చేసికొందము.

కేరీగారు 1761వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన ఇంగ్లండు దేశమందలి పాలర్స్‌పురి గ్రామమున జన్మించెను. తోటపని ఎరిగిన పినతండ్రి పీటరు ఆయనకు చిన్ననాడే మొక్కలపై ప్రీతి కలిగించెను. ఎండ పడని చర్మవ్యాధివలన పొలము పని విడిచి, చెప్పులు కుట్టు వృత్తి నేర్చుకొనెను. తరువాత సువార్త భారము కలిగి, 1793 నవంబరులో కలకత్తా చేరెను. మరుసటి సంవత్సరమే చిన్న కుమారుడు మరణించెను. భార్య మతి చలించి, 1807లో ప్రభువునందు నిద్రించువరకు కోలుకొనలేదు. ఇట్టి దుఃఖములలో ఆయనకు ఊరట యిచ్చినవాటిలో తోట ఒకటి.

1800లో శ్రీరామపురము చేరిన తరువాత సుమారు ఐదు ఎకరముల స్థలమున ఆయన తోట వేసెను. విదేశపు మొక్కలతో తృప్తిపడక, ఈ దేశపు అడవులలో దానంతటదే పెరుగు మొక్కలను వెదకి తెప్పించెను. దూరదేశములందున్న కుమారులకు సహా విత్తనములు, మొక్కలు పంపుమని వ్రాసెను. అంతకుముందు మన సామర్లకోటలో పనిచేసి, కోస్తా మొక్కలను పరిశీలించిన డాక్టరు రాక్స్‌బర్గు ఆయనకు స్నేహితుడు. రాక్స్‌బర్గు వ్రాసిన వృక్షశాస్త్ర గ్రంథమును, అతడు చనిపోయిన తరువాత, 1832లో కేరీగారే మూడు సంపుటములుగా అచ్చువేయించెను. కేరీగారి పేరు పెట్టబడిన మొక్కల జాతిలో కుంభి చెట్టు కలదు. ఏటేటా వేరునుండి తిరిగి చిగుర్చు నేలబారు అడవిమొక్కయు కలదు.

ఒకనాడు ఇంగ్లండు నుండి విత్తనముల సంచి వచ్చెను. విత్తనములు తీసికొన్న తరువాత కేరీగారు ఆ ఖాళీ సంచిని నీడపట్టున దులిపెను. కొన్ని దినములకు అక్కడ డైసీ మొక్క మొలచెను. పసుపు బొడ్డు చుట్టు తెల్లని రేకులు గల ఆ పువ్వు ఆయన పుట్టినయూరి పచ్చికలలోనిది. దానిని మరల చూతునని ఆయన తలంచలేదు. చూచి బాలునివలె ఆనందించెను.

ఇంగ్లండులో డైసీ వేరునుండి ఏండ్ల తరబడి బ్రదుకును. మన ఎండావానలకు అది నిలువలేదు. కాబట్టి కేరీగారు ఏటేటా దాని విత్తనములు కోసి, దాచి, మరల విత్తెను. ఒక్క ఏడు మరచినయెడల ఆ పువ్వు ఆ తోటలో లేకపోయియుండును.

ఆయన పరిచర్యయు అట్టిదే. 1812లో ముద్రణాలయము కాలిపోయి, వ్రాతప్రతులును అచ్చు అక్షరములును నాశనమాయెను. ఆయన తిరిగి మొదలుపెట్టెను. 1814లో తెలుగు వ్యాకరణము, 1818లో తెలుగు క్రొత్త నిబంధన శ్రీరామపురమున అచ్చయ్యెను. 1823లో వరద తోటను పాడుచేసెను. ఆ సంవత్సరమే జారిపడి గాయపడి మంచము పట్టిన కేరీగారు, లేచిన తరువాత తోటను మరల నాటించెను. 1834 జూన్ 9న మరణించుటకు ముందు, తన తరువాత తోటలోనికి పశువులు వచ్చునేమోయని చింతపడెనని చెప్పుదురు.

ప్రియులారా, విశ్వాసము మన పితరుల యింట వేరూనియుండెను గనుక మన యింటను దానంతటదే నిలుచునని మనము తలంచుచున్నాము. పట్టణ జీవితపు వేడిమిలో అది వాడిపోవుచున్నదేమో! మొలిపించువాడు దేవుడే. మనిషి నిద్రించుచుండగా, వానికి తెలియకుండనే విత్తనము పెరుగునని ప్రభువు చెప్పిన ఉపమానము మనకు తెలియును. అయితే ఆ మనిషి మొదట విత్తెను. మన బిడ్డలయెదుట వాక్యమును ఈ యేడు మనమే విత్తవలెను. నిరుటి విత్తనము ఈ యేటికి చాలదు.

ఈ తొలకరికి మన పిల్లలచేత ఒక కుండీలో తంగేడు గాని శంఖుపువ్వు గాని విత్తించుదము. అవి మన నేలపువ్వులు. మొలచి నిలిచినయెడల ఏండ్ల తరబడి పూయును. పైతొక్క గట్టిది గనుక విత్తనమును రాత్రంతయు నానబెట్టవలెను. తరువాత కాయలు ఎండినప్పుడు విత్తనములు తీసి, కొన్ని దాచి, కొన్ని పొరుగువారికిత్తము. కుండీ దగ్గర కూర్చున్నప్పుడు ఆ ఉపమానమును వారికి చెప్పుదము.

ప్రార్థన: ప్రభువా, విత్తుటకు మాకు ఓపిక నిమ్ము. మొలచుట నీ చేతిలోనిదని నమ్మి నెమ్మదిగా ఉండుటకు మాకు సహాయము చేయుము. ఆమేన్.