మస్కట్ తీరంలో నిద్రిస్తున్న గ్రీకు పండితుడు



శుక్రవారం ఆరాధన అయ్యాక మీరు పిల్లలతో దార్సైట్ నుంచి మత్రా కార్నిష్ మీదుగా పాత మస్కట్ వైపు ఎప్పుడైనా వెళ్ళే ఉంటారు. అక్కడికి దగ్గరలోనే, కొండల మధ్య, ఒకప్పుడు పడవలో తప్ప చేరలేని ఒక చిన్న తీరం ఉంది. అక్కడి సమాధులలో ఒకటి లాహోరు మొదటి బిషప్పు థామస్ వాల్పీ ఫ్రెంచ్ గారిది. తొమ్మిదేళ్ళుగా ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న నాకు ఈయన సంగతి ఈమధ్యే తెలిసింది. తెలిశాక కొంచెం సిగ్గు కూడా కలిగింది. ఎందుకో చివర్లో చెబుతాను.

ఆయన 1825 జనవరి 1న ఇంగ్లాండులోని బర్టన్‌లో, ఒక పాదిరిగారి ఇంట పుట్టారు. రగ్బీ స్కూల్లో చదివి, ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ కాలేజీలో చేరారు. అక్కడి పెద్ద చదువంటే గ్రీకు, లాటిన్ గ్రంథాలను మూలభాషలోనే చదవడం. క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దంలో ఏథెన్స్‌లో ఆడిన ఈస్కిలస్, సోఫోక్లిస్, యూరిపిడిస్‌ల విషాద నాటకాలు ఆ చదువులో ఒక భాగం. అనువాదం పక్కన పెట్టి, పంక్తి పంక్తికీ వ్యాకరణం విప్పి అర్థం చెప్పాలి. పరీక్షాధికారుల ఎదుట నోటితో కూడా జవాబివ్వాలి. ఫ్రెంచ్ గారు 1846లో మొదటి శ్రేణిలో నెగ్గారు. 1848లో లాటిన్ వ్యాసానికి విశ్వవిద్యాలయ బహుమతి తెచ్చుకున్నారు. తన కాలేజీలోనే ఫెలో అయ్యారు.

నాటకాలు చదివితే సేవకు ఏం లాభమని మీరు అడగవచ్చు. రెండు మాటలు చూడండి. మన తెలుగు బైబిలులో ప్రభువు పరిసయ్యులను వేషధారులని గద్దించారు. అక్కడి గ్రీకు మాట హుపోక్రితేస్. ఏథెన్స్‌లో ఆ మాటకు రంగస్థలం మీద వేషం కట్టే నటుడని అర్థం. మన అనువాదకులు ఎంత సరైన మాట ఎంచుకున్నారో చూశారా! రెండోది హమర్తియా. విషాద నాటకంలో నాయకుడు పడిపోవడానికి కారణమైన పొరపాటుకు అరిస్టాటిల్ వాడిన మాట ఇది. గురి తప్పడమనేది దాని మూలంలోని భావం. కొత్త నిబంధనలో పాపం అనే చోట ఉన్నది ఇదే మాట. మా ఉద్యోగ భాషలో చెప్పాలంటే, మాన్యువల్ చదవడం వేరు, సోర్స్ కోడ్ తెరిచి చూడడం వేరు.

ఇంత చదివిన మనిషిని మిషనరీ సేవ వైపు తిప్పినవారిలో మన తెలుగు దేశంతో సంబంధం ఉన్న ఒకరున్నారు. ఆయన హెన్రీ వాట్సన్ ఫాక్స్, రగ్బీ పూర్వ విద్యార్థి. 1841లో రాబర్ట్ నోబుల్ గారితో కలిసి మచిలీపట్నం వచ్చి తెలుగువారి మధ్య పనిచేసిన దైవజనుడు. భార్యను కోల్పోయి, ఆరోగ్యం చెడి, 1848లో 31 ఏళ్ళకే కన్నుమూశారు. మిషనరీలు కావాలని ఆయన చేసిన విన్నపం ఫ్రెంచ్ గారి హృదయాన్ని తాకింది. అదే ఏడాది ఆయన ప్రాణస్నేహితుడు ఆర్థర్ లీ రైలు ప్రమాదంలో చనిపోయారు. ఇద్దరూ కలిసి ప్రార్థించిన పిలుపుకు ఒక్కరే జవాబు చెప్పవలసి వచ్చింది.

1850లో ఓడ ఎక్కి, ఆగ్రాలో సెయింట్ జాన్స్ కాలేజీకి మొదటి ప్రిన్సిపాల్ అయ్యారు. 1854లో అక్కడ ముస్లిం పండితులకూ మిషనరీ ఫాండర్ గారికీ బహిరంగ వాదం జరిగింది. ఫ్రెంచ్ గారు ఫాండర్ గారికి తోడు నిలిచారు. ఎదుటివారు యూరప్‌లో వెలువడిన బైబిలు విమర్శ గ్రంథాలు చదివి వచ్చారు. మిషనరీలు అందుకు సిద్ధపడి లేరు. చదువు తక్కువైతే మంచి మనసు ఒక్కటే చాలదని నేర్పిన రోజులవి. 1857లో తెల్లవారు ఆగ్రా కోటలో తలదాచుకున్నప్పుడు, భారతీయ క్రైస్తవులను కూడా రానిస్తేనే తాను లోపలికి వస్తానని పట్టుబట్టారు. చివరికి వారికీ తలుపులు తెరిచారు.

1870లో లాహోరులో వేదాంత పాఠశాల మొదలుపెట్టారు. ఉర్దూలో బోధిస్తూనే, హెబ్రీ, గ్రీకు మూలాలను భారతీయ విద్యార్థుల చేతుల్లో పెట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో తనకు దొరికినది పంజాబు యువకులకూ దొరకాలని ఆయన కోరిక. ఏడు భాషల పాదిరి అని జనం పిలుచుకున్నారు. 1877లో బిషప్పు అయ్యారు. పదేళ్ళకు, 1887లో, ఆ పదవి తానే వదులుకున్నారు.

విశ్రాంతి తీసుకోవలసిన వయసులో అరబ్బీ నేర్చుకోవడానికి కూర్చున్నారు. 1891 ఫిబ్రవరిలో, 66 ఏళ్ళ వయసులో, మస్కట్‌లో దిగారు. మనలో ఎంతోమంది అన్నదమ్ముల్లాగే భార్యాపిల్లలు దూరాన ఉన్నారు. వెనుక ఏ సంఘమూ జీతమిచ్చి పంపలేదు. గ్రంథం తెరిచి, వినేవారికి వారి భాషలోనే చదివి వినిపించేవారు. లోపలి ప్రాంతాలకు వెళ్ళాలని ఎండాకాలంలో సీబ్ దాకా బయలుదేరారు. మే నెలలో మన ఎండ ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆయనకు ఏసీ లేదు, కారు లేదు. ఎండదెబ్బ తగిలి, మస్కట్‌కు తిరిగి చేరి, మే 14న ప్రభువునందు నిద్రించారు.

లెక్క వేస్తే మూడు నెలలు, కళ్ళకు కనబడే ఫలితం లేదు. నేనూ మొదట అలాగే లెక్క వేశాను. కానీ 1893లో పీటర్ జ్వెమర్ అనే యువకుడు అమెరికా నుంచి వచ్చి మస్కట్‌లో పని ప్రారంభించాడు. ఆ మిషనే తరువాత మత్రాలో ఆసుపత్రి నడిపి వేలాదిమందికి వైద్యం చేసింది. విత్తేవాడు ఒకడు, కోసేవాడు ఒకడు.

నాకు సిగ్గు కలిగిందన్నాను కదా. తొమ్మిదేళ్ళలో నేను నేర్చుకున్న అరబ్బీ సలాం, షుక్రన్, ధర అడగడం, అంతే. మా ఆఫీసులో ఒమానీ సహోద్యోగి నా పేరును తప్పు లేకుండా పలకడానికి పదిసార్లు ప్రయత్నించాడు. అతని తల్లి క్షేమం అతని భాషలో అడగడానికి నేను ఒక్కసారీ ప్రయత్నించలేదు. ఫ్రెంచ్ గారు మొదట గ్రీకుకు, తరువాత ఉర్దూకు, చివరికి అరబ్బీకి శిష్యుడిగా కూర్చున్నారు. ఎదుటివాని భాష నేర్చుకోవడం అతన్ని గౌరవించడమని ఆయన బ్రతుకు చెబుతోంది.

ఈ నెల నుంచి వారానికి రెండు సాయంత్రాలు అరబ్బీ అక్షరాలు దిద్దుతున్నాను. ప్రియమైన పాఠకులారా, మీరూ ఒక పొరుగువాని భాషలో పది మాటలు నేర్చుకోండి. ఇంట్లో పిల్లలకు తెలుగు బైబిలు చదవడం కూడా నేర్పండి. మన చదువులన్నీ ఆయన చేతికి అప్పగించే కృప దేవుడు మనకు దయచేయును గాక. ఆమేన్.