ఉయ్యాలవాడ నరసింహారెడ్డి

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి (మరణం: 1847 ఫిబ్రవరి 22) ఈస్టిండియా కంపెనీ పాలనపై 1846లో తిరుగుబాటు చేసిన రేనాటి పాలెగాళ్ళ వంశస్థుడు. ఉయ్యాలవాడ ఆయన ఊరిపేరు, ఇంటిపేరు కాదు. ఈ ఊరు 2022లో కోయిలకుంట్ల, నందికొట్కూరులతో పాటు కర్నూలు జిల్లా నుండి నంద్యాల జిల్లాలో చేరినది.

పేరు

వీరి ఇంటిపేరు మజ్జారి. మజ్జరి అని కూడా వ్రాస్తారు. తెలుగువారిలో ఇంటిపేరు వ్యక్తి పేరుకు ముందు వస్తుంది. అనేక ఇంటిపేర్లు ఊళ్ళ పేర్లనుండి పుట్టినవే. అదే రీతిలో ఇక్కడ ఊరిపేరు అసలు ఇంటిపేరును మరుగుపరచినది. నరసింహరెడ్డి, నరసింహారెడ్డి అను రెండు రూపాలూ వాడుకలో ఉన్నాయి. తెలుగులో ఒకే విధంగా వ్రాసే రెడ్డి శబ్దం, మద్రాసు రాజధాని కాలపు ఆంగ్ల గ్రంథాలలో 'ఐ' అక్షరంతోను, నేటి వ్రాతలలో 'వై' అక్షరంతోను ముగుస్తుంది. పాత గ్రంథాలు వెదికేవారు ఈ భేదాన్ని గమనించాలి.

తిరుగుబాటు

1800లో నిజాము ఈ ప్రాంతాన్ని కంపెనీకి అప్పగించాడు. కంపెనీ పాలెగాళ్ళ అధికారాలు తొలగించి భరణాలు ఏర్పరచినది. నరసింహారెడ్డికి దక్కిన భరణం నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. మాన్యాలు కోల్పోయిన కట్టుబడిదారులు ఆయన పక్షం చేరారు. 1846 జూలైలో వారు కోయిలకుంట్ల ఖజానాపై దాడి చేసారు. అక్టోబరులో ఆయన పట్టుబడ్డాడు.

మరణం, స్మృతి

కోయిలకుంట్లలో ఆయనను బహిరంగంగా ఉరితీసారు. ప్రజలను భయపెట్టుటకు ఆయన తలను 1877 వరకు కోట బురుజుపై వ్రేలాడదీసి ఉంచారు. అయినా జానపదులు ఆయన కథను పాటలుగా పాడుకున్నారు. 2021లో కర్నూలు సమీపాన ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. అందులోనూ నిలిచినది ఊరిపేరే. మజ్జారి అను ఇంటిపేరు లేదు.