అందరి పిల్లలకూ ఇల్లు చూపిన తల్లి

మాంటిస్సోరి అనే మాట వినని తల్లి మన ఊళ్లలో ఉండదు. వీధి చివర రెండు గదులకు రంగులేసి, గోడ మీద ఓ కుందేలు బొమ్మ గీసి, పైన ఆ పేరుతో బోర్డు తగిలిస్తే చాలు, బడి అయిపోతుంది. అది ఒక మనిషి పేరనీ, ఆ మనిషి ఆడమనిషనీ, డాక్టరనీ చాలామందికి తెలియదు. ఒక బిడ్డను కని, ఆ సంగతి పైకి చెప్పుకోలేక ఏళ్ల తరబడి కుమిలిన తల్లి అని తెలిసినవాళ్లు మరీ తక్కువ. ఉద్యోగానికి వెళ్లే తల్లి తన పసిబిడ్డను ఎవరి చేతుల్లో పెట్టి వెళ్లాలి అన్న ప్రశ్న ఇంటింటా ఉన్న ఈ రోజుల్లో, ఆవిడ కథ మనం ఒకసారి చెప్పుకోవాలి.

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియరవల్లె అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి, పాతకాలపు మనిషి. తల్లి రెనిల్డె మాత్రం పుస్తకాలంటే ప్రాణం పెట్టే మనిషి. ఒక్కతే కూతురు. కుటుంబం రోముకు మారాక, మగపిల్లలు చదివే సాంకేతిక పాఠశాలలో చేరి, ఇంజనీరు అవుతానంది. తర్వాత మనసు మార్చుకుని డాక్టరు అవుతానంది. తండ్రికి నచ్చలేదు. తల్లి వెనక నిలబడింది.

వైద్య కళాశాలలో మగవాళ్ల మధ్య కూర్చుని శవాన్ని కోయడం ఆడపిల్లకు తగదని, అందరూ వెళ్లిపోయాక సాయంత్రాలు ఒంటరిగా ఆ గదిలో పని చేయమన్నారు. దీపం వెలుగులో, ఆ వాసనలో, శవంతో ఒక్కతే! అయినా చదివారు. 1896లో పట్టా పుచ్చుకున్నారు. ఇటలీలో తొలితరం మహిళా డాక్టర్లలో ఆవిడ ఒకరు. అదే ఏడు బెర్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ మహిళా సభకు ఇటలీ తరఫున వెళ్లి, ఒకే పని చేసే ఆడవాళ్లకు మగవాళ్లతో సమానంగా కూలి ఇవ్వాలని వాదించారు. నూట పాతికేళ్లు దాటిపోయింది. మన పొలాల్లో ఆడకూలీ ఎంత, మగకూలీ ఎంత అని ఇప్పటికీ అడిగి చూడండి.

ఆ తర్వాతే అసలు కష్టం మొదలైంది. రోము విశ్వవిద్యాలయం మానసిక చికిత్సాలయంలో పనిచేస్తున్నప్పుడు సాటి డాక్టరు జుసెప్పె మొంటెసానోతో స్నేహం ప్రేమగా మారింది. 1898 మార్చి 31న కొడుకు పుట్టాడు. మారియో అని పేరు పెట్టారు. పెళ్లి కాలేదు. పెళ్లి చేసుకుంటే ఉద్యోగం వదిలి ఇంట్లో కూర్చోవాలి, పెళ్లి కాకుండా బిడ్డ ఉన్నాడని తెలిస్తే వృత్తి, పరువు రెండూ పోతాయి. ఆనాటి ఇటలీ ఆడదానికి మూడో దారి చూపలేదు. బిడ్డ పుట్టిన సంగతి గుట్టుగా ఉంచి, రోము దగ్గరి పల్లెలో ఒక కుటుంబానికి అప్పగించారు. పాలిచ్చి పెంచింది వేరే తల్లి.

తండ్రి మాత్రం 1901లో ఇంకొకరిని పెళ్లి చేసుకున్నాడు. అతని వృత్తికి ఏ లోటూ రాలేదు. మొంటెసానోతో కలిసి నడుపుతున్న సంస్థను ఆవిడే వదిలి వచ్చేశారు.

మరియా అప్పుడప్పుడు పల్లెకు వెళ్లి పిల్లవాణ్ణి చూసి వచ్చేవారు. కానీ ఎవరని వెళ్తారు? అమ్మనని చెప్పే వీలు లేదు. ఎవరో పట్నం నుంచి వచ్చిన అమ్మగారు, అంతే. బిడ్డ అన్నం తిన్నాడో లేదో, జ్వరం వస్తే ఎవరు పక్కన కూర్చున్నారో, గట్టిగా అడిగే హక్కు కూడా ఉండి ఉండదు. నేను కథలు రాసేదాన్ని కనుక ఇక్కడ కాస్త ఊహించుకుంటున్నానేమో గానీ, తల్లులైనవాళ్లు ఎవరికైనా ఇది ఊహకు అందని సంగతి కాదు.

ఇక 1907. రోములో సాన్ లొరెంజో అనే పేదల పేట. సగంలో ఆగిపోయిన పెద్ద పెద్ద భవనాల్లో నిరుపేదలు కిక్కిరిసి ఉండేవారు. ఒక స్థిరాస్తి సంస్థ వాటిని కొని, బాగు చేసి, కుటుంబాలకు అద్దెకిచ్చింది. తల్లిదండ్రులిద్దరూ తెల్లారగానే కూలికో పనికో వెళ్లిపోయేవారు. బడి ఈడు రాని పిల్లలు మెట్ల మీద ఆడుతూ, కొత్తగా సున్నం కొట్టిన గోడలు పాడు చేసేవారు. ఆ పిల్లలను ఒక గదిలో కూర్చోబెట్టి చూసుకునే మనిషిని పెడితే మరమ్మతు ఖర్చు మిగులుతుందని సంస్థ డైరెక్టరు ఎడోర్డో తలామో లెక్క వేశాడు. గోడల మీద ప్రేమతో మొదలైన సంగతే ఇది, పిల్లల మీద ప్రేమతో కాదు! ఆ పని చూడమని మరియాను అడిగారు. అప్పటికి ఆవిడ డాక్టరు, పైగా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్నారు. పేరున్న డాక్టరమ్మ మురికివాడలో పసిపిల్లల్ని చూసుకోవడమేమిటని నవ్వినవాళ్లూ ఉన్నారు.

జనవరి 6న ఆ గది తెరిచారు. ఏడుస్తూ, బిక్కుబిక్కుమంటూ 50, 60 మంది పిల్లలు వచ్చారు. దానికి పిల్లల ఇల్లు అని పేరు. చూసుకోవడానికి పెట్టిన మనిషికి టీచరు శిక్షణ లేదు. అదే మంచిదనుకున్నారు మరియా. పాఠం చెప్పాలన్న ఆత్రం ఉండదు కదా!

అక్కడ జరిగినవన్నీ చెప్పాలంటే ఈ పేజీ చాలదు. ఒకటి రెండు చెబుతాను. ఓసారి పిల్లలకు ముక్కు చీదుకోవడం నేర్పారు. రుమాలు ఎలా మడవాలో, చప్పుడు కాకుండా ఎలా తుడుచుకోవాలో చేసి చూపించారు. అయిపోగానే పిల్లలంతా చప్పట్లు కొట్టారట. రోజూ ముక్కు గురించి తిట్లు తినడమే గానీ, వాళ్లకు అది మర్యాదగా నేర్పినవాళ్లు లేరు. ఇంకోసారి టీచరు ఆలస్యంగా వచ్చేసరికి, తాళం వేయడం మరచిన బీరువాలోంచి పిల్లలు తమకు కావలసినవి తీసుకుని ఎవరి పనిలో వాళ్లున్నారు. దొంగతనం అని టీచరు కంగారు పడింది. మరియా మాత్రం బీరువా తీసేసి, పిల్లల చేతికందే ఎత్తులో అరలు పెట్టించారు. ఈనాడు ప్రతి మంచి బాలబడిలో కనిపించే పొట్టి అరలూ, బుల్లి బల్లలూ, కుర్చీలూ ఆ ఇంటి ఆలోచనలే.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవి ఆ వస్తువులు కావు, ఆ ఇంటి నియమాలు. పిల్లల్ని చూసుకునే ఆవిడ ఆ భవనంలోనే కాపురముండాలి, అంటే తల్లులకు ఇరుగుపొరుగు మనిషి కావాలి. డాక్టరు ఉండాలి. పిల్లల ఎత్తూ బరువూ కొలిచి రాయాలి. తల్లులు రుసుము కట్టక్కర్లేదు గానీ బిడ్డను స్నానం చేయించి, శుభ్రమైన బట్టలతో పంపాలి. వారానికి ఒక్కసారైనా వచ్చి బిడ్డ గురించి మాట్లాడి వెళ్లాలి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. పనిలోంచి వస్తూ పోతూ, ఏ వేళలోనైనా, తల్లి లోపలికి వచ్చి బిడ్డను చూసుకోవచ్చు. ఆ తలుపు తల్లికి ఎప్పుడూ మూసి ఉండదు.

అదే ఏడు ఏప్రిల్‌లో రెండో ఇల్లు తెరిచినప్పుడు మరియా చేసిన ప్రసంగంలో ఈ మాటే వివరించారు. కలవారి ఇళ్లలో బిడ్డను దాదికి అప్పగించి తల్లి నిశ్చింతగా బయటికి వెళ్తుంది. పేద తల్లికీ ఆ నిశ్చింత రావాలి, అది దానంగా కాక హక్కుగా రావాలి అని ఆవిడ వాదన.

తన బిడ్డ దగ్గరికి తల్లిగా వెళ్లలేని మనిషి, ఊళ్లో తల్లులందరికీ ఏ వేళలోనైనా రండి అని తలుపు తెరిచింది. ఈ రెంటికీ ముడి ఉందని ఆవిడ ఎక్కడా రాయలేదు. ఉందని నాకనిపిస్తుంది.

నిరుడు మా చెల్లెలు రెండున్నరేళ్ల కూతురికి డేకేర్ వెతుకుతుంటే నేనూ వెంట తిరిగాను. నాలుగు చోట్లకు వెళ్లాం. ఒకచోట ఏసీ గది, మెత్తటి పరుపులు, నెలకు బోలెడు ఫీజు. కానీ గేటు దాటి తల్లిదండ్రులు రాకూడదట. ఫోన్‌లో కెమెరా చూసుకోవచ్చు కదండీ అన్నారు. కెమెరాలో బిడ్డ కనిపిస్తుంది నిజమే, ఆ గది వాసన తెలుస్తుందా? తడిసిన చెడ్డీ ఎంతసేపు అలాగే ఉందో తెలుస్తుందా? ఇంకోచోట వసతులు తక్కువే. అక్కడి ఆయా పేరు కూడా అడక్కుండానే పిల్లలు ఆవిడ కొంగు పట్టుకుని తిరుగుతున్నారు. ఎంతమందికి ఒక ఆయా, ఎన్నేళ్లుగా పనిచేస్తోంది, మధ్యాహ్నం చెప్పకుండా రావచ్చా అని అడిగితే విసుక్కోకుండా చెప్పారు. చెల్లెలు ఒక రోజు చెప్పకుండానే వెళ్లి చూసింది. పాప అక్కడే చేరింది.

మన దేశంలో 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు, 50 మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చనీ పెట్టారు. నాలుగుసార్లు అన్న ఆ మాట చదివినప్పుడు నాకు సాన్ లొరెంజో తలుపే గుర్తొచ్చింది. మీ ఆఫీసులో ఆ గది ఉందా అని అడగడానికి మొహమాటపడకండి.

మళ్లీ మరియా కథకు వద్దాం. 1909లో పుస్తకం వచ్చింది, పేరు దేశాలు దాటింది. 1912 చివర్లో తల్లి రెనిల్డె పోయారు. ఆ మర్నాటి ఏడు, సుమారు పదిహేనేళ్ల మారియో తల్లి దగ్గరికి చేరాడు. ఆవిడను చూసి, నువ్వే మా అమ్మవని నాకు తెలుసని వాడే అన్నాడని చెబుతారు. అప్పుడు కూడా లోకానికి మేనల్లుడనో, పెంచుకున్న కొడుకనో చెప్పుకోవలసి వచ్చింది. అక్కణ్ణుంచి మాత్రం ఇద్దరూ విడిపోలేదు. ముసోలినీ ప్రభుత్వం మొదట్లో ఆవిడ బడులను చేరదీసింది, ఆవిడా ఆ సాయం పుచ్చుకున్నారు. అది నాకు నచ్చని సంగతే. 1934లో చెడింది, ఇటలీలో బడులు మూతపడ్డాయి.

1939లో దివ్యజ్ఞాన సమాజం వారి ఆహ్వానం మీద తల్లీకొడుకులు మద్రాసు అడయారు వచ్చారు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. తాటాకు పందిళ్ల కింద సుమారు 300 మందికి ఆవిడ ఇటాలియన్‌లో పాఠం చెబుతుంటే మారియో ఇంగ్లీషులో చెప్పేవాడు. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలో దిగింది. శత్రుదేశస్థుడని మారియోను అహ్మద్‌నగర్ శిబిరంలో పెట్టారు. డెబ్బయ్యేళ్ల ముసలామెను అడయారు దాటి వెళ్లొద్దన్నారు. ఇంతా చేసి మళ్లీ కొడుకుకు ఎడబాటు!

ఆగస్టు 31న ఆవిడ పుట్టినరోజు. వైస్రాయి నుంచి తంతి వచ్చింది. మీ డెబ్బయ్యో పుట్టినరోజుకు కానుకగా మీ కొడుకును మీకు పంపుతున్నామని దాని సారాంశం. కొడుకు అనే మాట పదిమందికీ తెలిసేలా సర్కారు కాగితం మీద రావడం అదే మొదలంటారు. నలభై రెండేళ్లు పట్టింది.

యుద్ధకాలంలో కొన్నాళ్లు కొడైకెనాల్‌లో ఉన్నారు. 1946లో యూరప్ వెళ్లి, మరుసటి ఏడు మళ్లీ వచ్చి, 1949 దాకా ఇక్కడే తిరిగారు. 1952 మే 6న నెదర్లాండ్స్‌లో సముద్రపు ఒడ్డున ఉన్న నూర్ద్‌వైక్ అనే ఊళ్లో, మారియో దగ్గరుండగా కన్నుమూశారు. వీలునామాలో మారియోను తన కొడుకని రాశారు. తల్లి మొదలుపెట్టిన సంఘాన్ని ఆయన 1982లో పోయేదాకా నడిపాడు.